ఖల్లివెల్లి అంటే ఏ ఖల్లివెల్లి?

గల్ఫ్‌లో దిగినవాళ్ల చెవిన మొదటి వారంలోనే పడే మాటలు కొన్ని ఉన్నాయి. యల్లా (పద), ఖలాస్ (అయిపోయింది), మాఫీ (లేదు), బుక్రా (రేపు), ఖల్లివెల్లి. మొదటి నాలుగూ రెండు రోజుల్లో ఒంటబడతాయి. ఐదోదానితో మాత్రం పదేళ్లున్నవాళ్లు కూడా ఒక్కోసారి తికమకపడతారు. ప్లేటు పగిలితే ఇంటి యజమానురాలు ఓదార్పుగా అనేది ఈ మాటే. బిగించిన పైపు ఇక వద్దని ఫోర్‌మన్ చెప్పేదీ ఇదే. దారికి అడ్డమొచ్చినవాణ్ణి పొమ్మని కసిరేదీ ఇదే. కాగితాల్లేక, ఊరికి పోలేక, శుర్తా (పోలీసు) బండి కనబడితే సందులోకి తప్పుకునే మన మనిషికి మనవాళ్లు పెట్టిన పేరూ ఇదే.

ఈ చివరి అర్థం దగ్గరే అసలు చిక్కంతా ఉంది. ముందు మాట సంగతి చూద్దాం.

ఇది గల్ఫ్ అరబ్బీ వాడుక మాట. ‘ఖల్లి’ అంటే వదులు, ఉండనీ. ‘యువల్లి’ అంటే వీపు తిప్పి పోతాడు. రెండూ కలిస్తే ‘పోనీ’, ‘పోతే పోనీ వాణ్ణి’. అరబ్బులు మగమనిషి గురించైతే ‘ఖల్లె యువల్లి’ అంటారు, ఆడమనిషైతే ‘ఖల్‌హా తువల్లి’, నలుగురి గురించైతే ‘ఖల్‌హుమ్ యువల్లూన్’. వలస కార్మికుల నోట్లో ఈ తేడాలన్నీ అరిగిపోయి ఒక్క ముక్కగా మిగిలాయి. ఆడా మగా లేదు, ఒకరూ పదిమందీ లేదు, నిన్నా రేపూ లేదు. అన్నిటికీ ఖల్లివెల్లే. మలయాళీలు, బంగ్లాదేశీయులు, నేపాలీలు, పాకిస్తానీలు కూడా ఇలాగే వాడతారు కాబట్టి ఏ క్యాంపులోనైనా ఇది చెల్లుతుంది.

అరబ్బీలో ‘వ’ అక్షరం పెదవులు గుండ్రంగా చుట్టి పలికేది. అసలు ఉచ్చారణ ‘ఖల్లీ వల్లీ’కి దగ్గరగా ఉంటుంది. మనవాళ్ల నోట్లో అది ఖల్లివెల్లి అయింది, పల్లెల్లో కల్లివెల్లి కూడా అయింది. ‘వెల్లి’ అనగానే తెలుగు చెవికి ‘వెళ్లడం’ తడుతుంది. జగిత్యాల, సిరిసిల్ల వైపు ఎవరైనా దీన్ని ‘ఎల్లిపోయినోడు’ అన్న మాటతో కలుపుకుంటే ఆశ్చర్యం లేదు. మాటలకు చుట్టరికం లేకపోయినా అర్థాలు మాత్రం నిజంగానే కలిశాయి. అరబ్బీలోనూ అది వెళ్లిపోవడమే. ఉర్దూ తెలిసినవాళ్లు ‘ఖాలీ’ అనుకుంటారు. ఖాలీకి దీనికి ఏ సంబంధమూ లేదు.

ఎక్కువగా వినబడే అర్థం ఓదార్పు. ఓవర్‌టైం రెండు గంటలు తగ్గించి రాశారని తోటివాడు కుమిలిపోతుంటే పక్క మంచం మీంచి ‘ఖల్లివెల్లి తమ్మీ, పండుకో’ అంటారు. తెలుగులో దీనికి సరిసమానం ‘పోనీలే’. దీని పక్కనే ఇంకో అర్థం ఉంది, ‘లెక్కచెయ్యకు’ అని. గదిలో ఎవరో చాటున ఏదో అన్నారని తెలిస్తే ‘వాని మాట ఖల్లివెల్లి’. అప్పు తీర్చనివాడి విషయంలోనూ ఇదే వస్తుంది. ‘ఆ యాబై దినార్లు ఖల్లివెల్లి’ అంటే ఇచ్చినవాడు ఆ డబ్బుకు నీళ్లొదిలేశాడని. కానీ ఈ మాట అప్పు తీసుకున్నవాడు అంటే అది ఎగవేత. ఒకే మాట, ఎవరి నోట్లోంచి వచ్చిందన్నదాన్ని బట్టి ఉదారమో మోసమో అవుతుంది.

పని దగ్గర వాడేటప్పుడు జాగ్రత్తగా వినాలి. ఫోర్‌మన్ ‘హాదా ఖల్లివెల్లి’ అంటే ఇది వదిలెయ్ అని. వదిలెయ్ అంటే ఏమిటి? ఉన్నది ఉన్నట్టే ఉంచాలా, ఊడదీసి అవతల పడేయాలా, రేపు చేద్దామనా? మాటలో అది లేదు. పరంజా మీద సగం బిగించిన క్లాంపు ‘ఖల్లివెల్లి’ అనుకుని వదిలేస్తే, పొద్దున ఇంకొకరు దాని మీద కాలు పెడతారు. అందుకే అనుభవమున్న మేస్త్రీలు వెంటనే తిరిగి అడుగుతారు: ‘బుక్రా?’ అంటే రేపా అని. ‘బర్రా?’ అంటే బయట పడేయాలా అని. ‘కాన్సిల్?’ అంటే మొత్తానికే వద్దా అని. ఈ మూడు ప్రశ్నల్లో ఒకదానికి ‘ఐవా’ (అవును) వచ్చేదాకా చేతిలో స్పానర్ కింద పెట్టకూడదు.

ఇంకో ఇబ్బంది చప్పుడు వల్ల వస్తుంది. ‘ఖల్లి’ ఒక్కటే అంటే ఉంచు, ఉండనీ. ‘ఖల్లి హినీ’ అంటే ఇక్కడ పెట్టు. ‘ఖల్లి వల్లి’ అంటే వదిలెయ్, పోనీ. జనరేటర్ పక్కన నిలబడి వింటే మొదటి ముక్క మాత్రమే గట్టిగా వినబడుతుంది, రెండోది గాలికి పోతుంది. ఒకటి పెట్టమనడం, ఇంకొకటి వదిలెయ్యమనడం. వినబడకపోతే చెయ్యి చూడాలి. ఖల్లి హినీ అన్నప్పుడు వేలు కిందికి చూపిస్తుంది. ఖల్లివెల్లి అన్నప్పుడు మణికట్టు దగ్గర చెయ్యి విరిచి, ఈగను తోలినట్టు వేళ్లు బయటికి విదిలిస్తారు.

ఖలాస్‌తో కూడా కలపొద్దు. ఖలాస్ అంటే అయిపోయింది, పూర్తయింది. ఖల్లివెల్లి అంటే పూర్తి కాకుండానే వదిలింది. స్టోర్‌కీపర్ ‘సిమెంట్ ఖలాస్’ అంటే నిల్వ లేదని, బస్తాలు తెప్పించాలి. ‘సిమెంట్ ఖల్లివెల్లి’ అంటే సిమెంటు గొడవ ఎత్తకు, ఇంకో పని చూడు అని. ‘శుగుల్ ఖలాస్’ అన్నవాడు పని ముగించుకుని గదికి పోతున్నాడు. ‘శుగుల్ ఖల్లివెల్లి’ అన్నవాడు ఆ పనికే రాం రాం చెప్పాడు.

వస్తువులకూ అంటారు. కంపెనీ జీతాలు సరిగ్గా ఇవ్వకపోతే ‘అది ఖల్లివెల్లి కంపెనీ’. బ్రేకులు పట్టని డాలాబండి ‘ఖల్లివెల్లి గాడీ’. దీనర్థం ఎవరూ పట్టించుకోని సరుకు అని.

మనిషి ముఖం మీద అంటే మాత్రం తిట్టు. ‘యల్లా, ఖల్లివెల్లి’ అంటే పో అవతలికి. తోటివాళ్ల మధ్య సరదాగా చెల్లుతుంది కానీ ముదీర్‌ని (మేనేజరుని), కఫీల్‌ని (వీసా ఇచ్చిన యజమానిని), పోలీసుని ఉద్దేశించి నోరు జారకూడదు. ఇళ్లలో పనిచేసే కడప, రాజంపేట, కోనసీమ ఆడవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. మామా (అంటే అమ్మా) అని పిలిచే యజమానురాలు ‘ఖల్లివెల్లి’ అందంటే ‘పోనీలే’ అన్నట్టే. అదే మాట పనిమనిషి తిరిగి అంటే ‘నువ్వెంత’ అన్నట్టు వినబడుతుంది. పెద్దవాళ్లతో ‘ఫరవాలేదు’ అనడానికి మెత్తని మాటలు వేరే ఉన్నాయి: ‘ఆదీ’, ‘మాలిష్’, ‘మాఫీ ముష్కిల్’. చెప్పింది అర్థమైందనడానికి ‘జేన్’ గానీ ‘తయ్యిబ్’ గానీ చాలు. మొదటి ఏడాది ఖల్లివెల్లిని వినడానికి మాత్రమే ఉంచుకుని, అనడానికి ఈ మాటలు అలవాటు చేసుకోవడం మేలు.

ఇక మనిషికి పేరైన సంగతి. కంపెనీని వదిలి బయటికి నడిచిన కార్మికుడు ‘కంపెనీ ఖల్లివెల్లి’ అంటాడు. కొన్నాళ్లకు ఆ మాట వచ్చి అతనికే అతుక్కుంటుంది. తెలంగాణ ఊళ్లలో ‘మా పెద్దోడు ఖల్లివెల్లి అయిండు’, ‘రెండేండ్ల సంది ఖల్లివెల్లి ఉన్నడు’ అంటారు. రాయలసీమలో, గోదావరి జిల్లాల్లో ‘కల్లివెల్లి అయిపోయినాడు’, ‘కల్లివెల్లిగా పనిచేస్తన్నాడు’. తెలుగు పత్రికల్లో ‘ఖల్లివెల్లి కార్మికులు’ అన్న మాట మామూలుగానే కనబడుతుంది. ఏ వివరణా లేకుండా చదివినవాళ్లకు అర్థమైపోతుంది.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా పట్టుకోవాలి. ఈ అర్థం వలస కార్మికులది. అరబ్బు అధికారికి ఇది తెలియాలని లేదు. జవాజాత్ (పాస్‌పోర్టు, వీసాల ఆఫీసు) కౌంటర్ దగ్గరో, కార్మిక శాఖ ఆఫీసైన మక్తబ్ అమల్‌లోనో నిలబడి ‘అనా ఖల్లివెల్లి’ అంటే, ‘నాకు కాగితాల్లేవు, సాయం చెయ్యండి’ అని మన లెక్క. అవతలివాడికి వినబడేది ‘నాకేం లెక్కలేదు’ అన్నట్టు. చేతులు జోడించి అన్నా అదే వినబడుతుంది. ఆఫీసు భాషలో నిబంధన మీరినవాడు ‘ముఖాలిఫ్’. పారిపోయాడని యజమాని ఇచ్చే ఫిర్యాదు ‘బలాగ్’. సౌదీలో ఆ ఫిర్యాదుకు ‘హురూబ్’ అని పేరు. గడువు తీరిన ఇఖామా, అంటే నివాస కార్డు, ‘ముంతహి’. పోలీసు కేసుండి వెతుకుతున్న మనిషి ‘మత్లూబ్’. ఇలా వేరువేరు గదుల్లో పెట్టిన మనుషులందర్నీ మన మాట ఒకే గోనెసంచిలో వేసి మూతి కడుతుంది.

విప్పి చూస్తే అందులో కనీసం ఐదు రకాల వాళ్లున్నారు.

మొదటివాడు కంపెనీ వదిలి బయటపడినవాడు, యజమాని బలాగ్ ఇచ్చాడు. సామాన్యంగా ఖల్లివెల్లి అంటే అందరి మనసులో మెదిలేది ఇతనే.

రెండోవాడు ఎక్కడికీ పోలేదు. అదే క్యాంపులో ఉన్నాడు, అదే పని చేశాడు. కంపెనీ దివాలా తీసో, ఫీజు కట్టలేకో ఇఖామా రెన్యూవల్ చెయ్యలేదు. కార్డు గడువు తీరింది. ఇతని తప్పేమీ లేదు. అయినా నెల గడిచేసరికి గదిలోవాళ్లు ఇతన్ని కూడా ఖల్లివెల్లి అనేస్తారు, కొన్నాళ్లకు తను కూడా అదే అనుకుంటాడు. కార్డు మీద హిజ్రీ తేదీ మాత్రమే చూసుకునేవాళ్లకు ఇంకో దెబ్బ ఉంది. హిజ్రీ ఏడాది మన క్యాలెండర్ ఏడాది కంటే దాదాపు 11 రోజులు తక్కువ. ‘పోయినేడు ఈ తేదీకే చేయించిన్రు’ అని లెక్కేసుకుంటే అప్పటికే గడువు దాటి ఉంటుంది.

మూడోవాడు ఆజాద్ వీసా మనిషి. కార్డు బాగానే ఉంటుంది, కఫీల్‌కి ఏడాదికింత కడతాడు, పని మాత్రం బయట దొరికినచోట చేస్తాడు. ఆజాద్ వీసా అనే పేరుతో ఏ ప్రభుత్వమూ వీసా ఇవ్వదు. అది ఏజెంట్ల నోటిమాట. సౌదీ కార్మిక చట్టంలోని 39వ అధికరణం ప్రకారం కార్మికుణ్ణి బయట పనికి వదలడం యజమాని తప్పు, సొంతానికి పనిచేసుకోవడం కార్మికుడి తప్పు. కువైట్‌లోనూ కార్డు మీదున్న యజమాని దగ్గర కాక వేరేచోట పనిచేస్తూ దొరికితే దేశం దాటించవచ్చు. జేబులో చెల్లే బతాకా (కార్డు) ఉందన్న ధీమాతో ఇతను ఉంటాడు కాబట్టే, తనిఖీలో దొరికినప్పుడు అందరికంటే ఎక్కువ నివ్వెరపోయేదీ ఇతనే.

నాలుగోది విజిట్ వీసా మీదో ఉమ్రా వీసా మీదో వచ్చి ఉండిపోయినవాళ్లు. వీళ్లలో ఆడవాళ్లు చాలామంది. ఈసీఆర్ పాస్‌పోర్టు (వలసకు ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన పాస్‌పోర్టు) మీద ఇంటిపనికి పోయే మహిళకు కనీసం 30 ఏళ్లుండాలని మన ప్రభుత్వ నిబంధన. దాన్ని తప్పించడానికి ఏజెంట్లు విజిట్ వీసా చేతిలో పెడతారు, అక్కడికి పోయాక మారుస్తామంటారు. మార్చకపోతే గడువు తీరిన మర్నాటి నుంచే ఆమె ముఖాలిఫ్. ఎమిరేట్స్‌లో గడువు దాటిన ప్రతి రోజుకూ 50 దిర్హాముల జరిమానా లెక్క నడుస్తుంది.

ఐదోది కొట్టడం, తిండి పెట్టకపోవడం, జీతం ఆపడం భరించలేక ఇల్లు దాటి వచ్చిన ఇంటిపని మనిషి. కాగితం మీద ఈమె మొదటి రకంలోకే వస్తుంది, కానీ ఈమెకు దారి వేరు. నేరుగా రాయబార కార్యాలయానికి గానీ పోలీస్ స్టేషన్‌కు గానీ చేరితే ఈమె ఫిర్యాదుదారు. తెలిసినవాళ్ల గదిలో నెల రోజులు దాక్కుంటే, ఆ నెలలో యజమాని బలాగ్ ఇస్తే, ఈమె ముద్దాయి. కువైట్‌లో ఇళ్లలో పనిచేసేవాళ్లకు 2015 నాటి 68వ నంబరు చట్టం విడిగా ఉంది. జీతం, వారానికి ఒక సెలవు, ఏడాది సెలవు అందులో రాసి ఉన్నాయి. ఆ చట్టం గడప లోపల వినబడదు, ఫిర్యాదు చేస్తేనే పనిచేస్తుంది.

ఇప్పుడు ఫోన్ తెర దగ్గరికి వద్దాం. సౌదీలో ఉన్న మనిషి అబ్షర్ అనే ప్రభుత్వ యాప్‌లోగానీ కార్మిక శాఖ వెబ్‌సైట్‌లోగానీ తన ఇఖామా నంబరు కొట్టి చూస్తే స్థితి అన్న గడిలో అరబ్బీలో మూడు నాలుగు మాటలు కనబడతాయి. ‘ముతఘయ్యిబ్ అన్ అల్ అమల్’ అని ఉంటే పనికి రాకుండా పోయినవాడు, అంటే హురూబ్ పడింది. ‘మున్‌ఖతి అన్ అల్ అమల్’ అని ఉంటే పని నుంచి తెగిపోయినవాడు. తేడా మొదటి మాటలోనే. కానీ ఆ ఒక్క మాట వెనక 60 రోజులున్నాయి. 2022 అక్టోబర్ నుంచి ప్రైవేటు సంస్థల్లో యజమాని ‘రావడం లేదు’ అని రాస్తే వెంటనే హురూబ్ పడదు. ముందు మున్‌ఖతి అవుతుంది. ఆ 60 రోజుల్లో కొత్త యజమానికి మారవచ్చు, లేదంటే ఫైనల్ ఎగ్జిట్, అంటే ఖురూజ్ తీసుకుని ఇంటికి పోవచ్చు. రెండూ చెయ్యకపోతే ముతఘయ్యిబ్ అవుతుంది, అప్పుడు దారులు ఇరుకైపోతాయి.

60 రోజుల్లో ఎంతమందికి ఎన్ని రోజులు వృథా అవుతున్నాయో ఆలోచిస్తే బాధగా ఉంటుంది. కారణం ఈ మాటే. కంపెనీ నుంచి బయటికి వచ్చిన మర్నాడే గదిలో ‘నువ్వు ఖల్లివెల్లి అయినవ్ లే’ అంటారు. అయిపోయిందన్న మనిషి ఇక తెర చూడడు, కొత్త కఫీల్‌ని వెతకడు, రోజుకూలీకి పోతాడు. నిజానికి ఆ రోజు అతను ఖల్లివెల్లి కాదు. రెండు నెలలు చేతిలో ఉన్న మున్‌ఖతి.

కువైట్‌లో సాహెల్ యాప్, కతార్‌లో మెత్రాష్, ఎమిరేట్స్‌లో కార్మిక శాఖ యాప్, బహ్రెయిన్‌లో ఎల్‌ఎంఆర్‌ఏ సైటు ఉన్నాయి. నెలకోసారి చూసుకుంటే కార్డు గడువు, కఫీల్ పేరు, మనమీద ఏదైనా బలాగ్ ఉందా అన్నది బయటపడుతుంది. కఫీల్ పేరు ఎందుకు చూడాలంటే, వీసా ఒక పేరు మీద, పని ఇంకొకరి దగ్గర ఉన్నట్టు కొన్నేళ్లకు గాని తెలియనివాళ్లు ఉన్నారు. యాప్ తెరవడానికి రిజిస్టరైన ఫోన్ నంబరు తన పేరు మీద ఉండాలి. కంపెనీ మందూబ్ (కాగితాల పనులు చూసే మనిషి) తన నంబరు పెట్టేసి ఉంటే ఓటీపీ అతనికే పోతుంది. వచ్చిన మొదటి నెలలోనే సొంత సిమ్ తీసుకుని నంబరు మార్పించుకోవడం చాలా అవసరం. ఇది చిన్న పనే కానీ తర్వాత కష్టం వచ్చాక చేయించుకోవడం కష్టం.

జీతం రాకపోతే బయటికి నడవడం కంటే ముందు ఫిర్యాదు పెట్టాలి. ఈ వరస మారితే అంతా మారిపోతుంది. ముందు కార్మిక శాఖలో ఫిర్యాదు, దాని నంబరు ఫోన్‌లో ఫొటో, ఆ తర్వాతే మిగతావన్నీ. ఫిర్యాదు తేదీ ముందుండి బలాగ్ తేదీ వెనక ఉంటే, కక్షతో పెట్టిన బలాగ్ అని వాదించడానికి ఆధారం ఉంటుంది. తేదీలు తారుమారైతే ‘పారిపోయినవాడు ఇప్పుడు కథ చెబుతున్నాడు’ అంటారు. ఎమిరేట్స్‌లో కారణం లేకుండా వరసగా 7 రోజులు మించి పనికి రాకపోతే నోటీసు లేకుండానే తీసేయవచ్చు. కాబట్టి కేసు నడుస్తున్నప్పుడు కూడా పనికి పోతున్నట్టో, యజమానే రానివ్వనట్టో రుజువు ఉంచుకోవాలి. గేటు పాసు, హాజరు పట్టీ ఫొటో, ఫోర్‌మన్‌కు పంపిన వాట్సాప్ మెసేజ్, బ్యాంకులో పడిన ఆఖరి జీతం వివరం, ఇవన్నీ పనికొస్తాయి. ఒప్పందం కాగితం, పాస్‌పోర్టు, ఇఖామా ఫొటోలు ఇంటి దగ్గర భార్య ఫోన్‌లోనో తమ్ముడి ఫోన్‌లోనో కూడా ఉండాలి. క్యాంపులో ఫోన్ పోతే మొత్తం పోతుంది.

యజమాని మారే దారి కూడా ఇప్పుడు కొంత వెడల్పయింది. కతార్ 2020లో, ఒమాన్ 2021 జనవరి నుంచి ఎన్‌ఓసీ (పాత యజమాని ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం) నిబంధన తీసేశాయి. సౌదీలో 2021 మార్చి 14 నుంచి ప్రైవేటు సంస్థల కార్మికులకు షరతుల మీద కఫీల్ ఒప్పుకోకపోయినా మారే వీలొచ్చింది, ఇంటిపనివాళ్లకు, ఇంటి డ్రైవర్లకు, పశువుల కాపరులకు మాత్రం అది రాలేదు. ఎడారిలో గొర్రెల దగ్గర ఉన్న మన నిజామాబాద్, కామారెడ్డి పిల్లలకు అందుకే ఈ వార్తలు పెద్దగా ఉపయోగపడవు. కువైట్‌లో 20వ నంబరు వీసా ఇంటిపనిది, 18వ నంబరు కంపెనీది. 20 నుంచి 18కి మారడం ఎప్పుడూ తెరిచి ఉండదు. 2024 జూలై 14 నుంచి సెప్టెంబర్ 12 దాకా ఒకసారి తెరిచారు. అలాంటి గడువులు ఊళ్లో పత్రికలో కనబడేసరికి సగం అయిపోతాయి. 2025 జూలై 1 నుంచి కువైట్‌లో 18వ నంబరు వీసావాళ్లు దేశం దాటాలంటే యజమాని ఆమోదంతో ఎగ్జిట్ పర్మిట్ తీసుకోవాలి. సెలవుకు టికెట్ కొనేముందే దాన్ని చూసుకోవాలి.

ఖల్లివెల్లిగా ఉంటే సంపాదన ఎక్కువని కొందరు చెబుతారు. రోజుకూలీ చేతికి ఎక్కువే పడవచ్చు, నెల మొత్తం పని దొరికితే. దొరకని రోజులు లెక్క వేసుకోవాలి. జీతం బ్యాంకులో పడదు కాబట్టి ఎగ్గొడితే ఆధారం లేదు. చేయించుకున్నవాడికి ఆ సంగతి బాగా తెలుసు. నెల రోజులు పని చేయించుకుని, అడిగితే శుర్తాకి ఫోన్ చేస్తామనే కాంట్రాక్టర్లున్నారు. ఆరోగ్య బీమా ఉండదు. షుగరు, బీపీ మాత్రలు ఊరి నుంచి వచ్చేవాళ్ల సూట్‌కేసుల్లో రావాలి. పాత కంపెనీలో పదేళ్ల సర్వీసు డబ్బు ఉన్నా అడగడానికి దారి మూసుకుపోతుంది. వీటన్నిటికంటే పెద్దది, మనిషి అక్కడే చనిపోతే. శవాన్ని పంపడానికి పోలీసు కాగితం, మరణ ధ్రువపత్రం, కఫీల్ సంతకం, రాయబార కార్యాలయం అనుమతి, రద్దు చేసిన పాస్‌పోర్టు కావాలి. కఫీల్ ఎవరో తెలియకపోతే, తెలిసినా ‘ఎప్పుడో పారిపోయాడు’ అని చేతులెత్తేస్తే, మార్చురీలో వారాలు గడుస్తాయి. భారత రాయబార కార్యాలయాల దగ్గర 2009 నుంచి ప్రవాస సంక్షేమ నిధి ఉంది, దాంతో శవాన్ని పంపే ఖర్చు పెట్టవచ్చు. కానీ మనిషి ఎవరో, ఎవరి వీసా మీద ఉన్నాడో తేలాలి.

తిరిగి రావడం ఎలా? అప్పుడప్పుడు వచ్చే క్షమాభిక్ష అందరికీ తెలిసిన దారి. సౌదీలో 2013లోనూ, 2017 మార్చి చివరి నుంచి 90 రోజులూ, కువైట్‌లో 2018, 2020, 2024లోనూ, ఎమిరేట్స్‌లో 2018, 2024లోనూ వచ్చాయి. గడువు చివరి వారం దాకా ఆగేవాళ్లు చాలామంది, ‘పొడిగిస్తరులే’ అని. చాలాసార్లు పొడిగించారు కూడా. అయినా చివరి వారంలో అవుట్‌పాస్ (పాస్‌పోర్టు లేనివాళ్లు ఇంటికి పోయే కాగితం) వరసలు పెరుగుతాయి, టికెట్ రేట్లు పెరుగుతాయి. పొడిగించని ఏడాది వచ్చిందంటే ఆ ఆశే మెడకు చుట్టుకుంటుంది.

పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే ఉండిపోతే రాయబార కార్యాలయం ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ కావాలి. మనవాళ్లు అవుట్‌పాస్, వైట్ పాస్‌పోర్టు అంటారు. ఇండియాకు ఒకసారి రావడానికి మాత్రమే అది చెల్లుతుంది. పాత పాస్‌పోర్టు కాపీ ఉంటే త్వరగా తేలుతుంది. కాపీ లేకపోతే ఊరి చిరునామా చెప్పి విచారణ జరిగేదాకా ఆగాలి. అది చేతికొచ్చాక వేలిముద్రలు వేసి ఎగ్జిట్ వేయించుకోవాలి. ఇక్కడే మత్లూబ్ సంగతి తేలుతుంది. బ్యాంకు లోను, కట్టని మొబైల్ బిల్లు మీద పడ్డ కేసు, యజమాని పెట్టిన దొంగతనం కేసు, ఏదున్నా ఎగ్జిట్ పడదు. క్షమాభిక్ష నివాస చట్టం తప్పుకు గానీ అప్పులకూ కేసులకూ కాదు. అవుట్‌పాస్ వచ్చిందని ఉన్న గది ఖాళీ చేసి, ఎయిర్‌పోర్టు దాకా పోయి తిరిగొచ్చినవాళ్లు ఉన్నారు. ముందు కేసు ఉందేమో కనుక్కుని, ఉంటే తీర్చుకుని, ఆ తర్వాతే టికెట్. పాత పేరు మార్చి కొత్త పాస్‌పోర్టు మీద మళ్లీ వద్దామనే ఆలోచన కూడా పెట్టుకోవద్దు. వేలిముద్రలు, కంటిపాప గుర్తులు సిస్టంలో ఉంటాయి, పేరు మారినా అవి మారవు.

కొత్తగా వెళ్లేవాళ్లయితే, ఈసీఆర్ పాస్‌పోర్టుకు భారత ప్రభుత్వ వలస పోర్టల్ ఈమైగ్రేట్‌లో నమోదైన ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. అంతకు మించి అడిగి, రసీదు ఇవ్వనంటే, ఆ వీసా ఆజాదో విజిట్టో అయ్యుండే అవకాశం చాలా ఉంది. లక్షలు అప్పు చేసి పోయినవాడే జీతం చాలక ముందుగా బయటికి నడుస్తాడు. ఖల్లివెల్లికి మొదటి మెట్టు చాలాసార్లు ఊళ్లోనే, వడ్డీ కాగితం మీద సంతకం పెట్టిన చోటే ఉంటుంది.

ఇంటివాళ్లు ఫోన్ చేసి సాయం అడిగేటప్పుడు కూడా ఇదే గుర్తుంచుకోవాలి. హైదరాబాద్ ప్రజాభవన్‌లో గల్ఫ్ కుటుంబాల అర్జీలు తీసుకునే ప్రవాసీ ప్రజావాణికి పోయినా, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో రాసినా, ఆంధ్ర ప్రవాసుల సంస్థ ఏపీ ఎన్నార్టీకి ఫోన్ చేసినా ‘మా ఆయన ఖల్లివెల్లి అయిండు సారూ, ఎట్లన్న తీసుకరాండ్రి’ అంటే అవతలివాళ్లు మళ్లీ మొదటి నుంచి పది ప్రశ్నలడగాలి. అందులో సగానికి జవాబుండదు. ఫోన్ చేసేముందు ఆయన్నే అడిగి ఒక కాగితం మీద రాసుకుంటే పని త్వరగా కదులుతుంది. పాస్‌పోర్టు నంబరు. ఇఖామా లేదా సివిల్ ఐడీ (కువైట్ గుర్తింపు కార్డు) నంబరు, దాని గడువు. వీసా కంపెనీదా, ఇంటిపనిదా, విజిట్‌దా. కఫీల్ పేరు, ఫోన్ నంబరు. పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంది. పని వదిలిన తేదీ. ఫిర్యాదు పెట్టాడా, పెడితే నంబరెంత. తెర మీద ఏముంది, ముతఘయ్యిబా, మున్‌ఖతియా, గడువు తీరడమొక్కటేనా. లోను గానీ కేసు గానీ ఉందా. ఇప్పుడు ఎక్కడుంటున్నాడు, రియాద్ బత్హాలోనా, కువైట్ జలీబ్‌లోనా, షార్జా సనాయియాలోనా.

ఆ కాగితం చేతిలో పట్టుకుని ‘మా ఆయన ఇఖామా పోయిన నెల 12న అయిపోయింది, కంపెనీ రెన్యూవల్ చెయ్యలేదు, బలాగ్ లేదు, పాస్‌పోర్టు కంపెనీ దగ్గరుంది’ అని చెబితే, అవతలివాళ్లు మొదటి నిమిషంలోనే ఏ ఆఫీసుకు రాయాలో చెప్పగలరు.